బంగారు రేకుతో పునీత ఎలిజబెతమ్మ: కడపలో ఒక బోర్డు ఆర్టిస్టు అనుభవం

నాది కడప. ఫ్లెక్సీలు రాకముందు నుంచీ బోర్డులు రాస్తున్నా. దేవుని కడప బ్రహ్మోత్సవాలకి, పెద్ద దర్గా ఉరుసుకి, చర్చి పండుగలకి బట్ట బ్యానర్లు రాసినవాడినే. ఇప్పుడు నెలకి నాలుగు గోడలు దొరికితే గొప్ప. బంగారు రంగు అంటే మా వృత్తిలో డబ్బాలో వచ్చే పొడి, దాన్ని వార్నిష్‌లో కలిపి కొట్టేయడం, రెండేళ్లకి అది నల్లబడటం, అంతే. నిజం బంగారు రేకుతో ఒక పెద్ద బొమ్మ ఈ మధ్యే మొదటిసారి చేశాను. నెట్‌లో ఈ పని గురించి వెతికితే అన్నీ అర నిమిషం వీడియోలే: రేకు పెట్టడం, బ్రష్‌తో ఊడ్చడం, తళతళ. దానికి ముందు రెండు నెలలు ఏం జరుగుతుందో, జేబులోంచి ఎంత పోతుందో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నా.

ఆగస్టు చివర్లో ఫోన్ వచ్చింది. ఊరి బయట సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమం, అన్నం తినే హాల్లో గోడకి పునీత ఎలిజబెతమ్మ బొమ్మ కావాలి, నవంబర్ 17న ఆమె పండుగ, ఆ రోజుకి గోడ మీద ఉండాలి. డబ్బులిచ్చే దాత ఒకాయన ఉన్నాడు, బంగారు రేకుతో చేయించాలన్నది ఆయన కోరిక. ఏ ఎలిజబెతమ్మ అని అడిగా, ఎందుకంటే బైబిల్లో యోహాను తల్లి కూడా ఎలిజబెతమ్మే కదా. కాదు, హంగేరీ ఎలిజబెతమ్మ అన్నారు మదర్ గారు, అని ఒక పాత బొమ్మ కార్డు చేతిలో పెట్టారు. నెత్తిన కిరీటం, పైటకొంగులాగా పట్టుకున్న గుడ్డలో గులాబీలు, ముఖం చూస్తే నలభై ఏళ్ల రాణి గారు.

కథ మదర్ గారే చెప్పారు. హంగేరీ రాజు కూతురు, 1207లో పుట్టింది. నాలుగేళ్ల పిల్లప్పుడే సంబంధం ఖాయం చేసి జర్మనీలో తురింగియా అనే సంస్థానానికి పంపేశారు, పద్నాలుగేళ్లకి పెళ్లి. 1226లో పెద్ద కరువు. మొగుడు చక్రవర్తి వెంట ఇటలీలో ఉన్నాడు, ఈమె కోటలో ధాన్యం కొట్లు తెరిపించి పంచిపెట్టింది. కోటలో కొందరికి అది గిట్టలేదు. మరుసటి ఏడాదే మొగుడు క్రూసేడు అనే మతయుద్ధానికి పోతూ దారిలో జ్వరంతో పోయాడు. ఆమె మార్బుర్గ్ అనే ఊళ్లో ఆసుపత్రి కట్టించి, రోగులకి తనే ఒళ్లు కడిగి సేవ చేసి, 1231లో చనిపోయింది. నాలుగేళ్లు తిరగకుండానే, 1235లో, పోపు గారు పునీతురాలిగా ప్రకటించారు. గులాబీల సంగతి ఏమిటంటే, ఒకరోజు గుడ్డలో రొట్టెలు దాచి పేదలకి తీసుకుపోతుంటే దారిలో ఆపి చూపించమన్నారట, తెరిస్తే రొట్టెలకి బదులు గులాబీలు ఉన్నాయట.

నేను లెక్క వేసుకున్నా. 1207 నుంచి 1231 అంటే ఇరవై నాలుగేళ్లు! మా చిన్నమ్మాయి వయసు. ముఖం మాత్రం కార్డులో ఉన్నట్టు వేయనని అప్పుడే చెప్పేశా. ఇంకో మాట కూడా అన్నా: "మదర్ గారూ, అన్నం తినే చోట పూలెందుకు? రొట్టెలే వేస్తా." కరువులో కొట్లు తెరిచిన మనిషి అంటే మా సీమలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కరువులో జనానికి అన్నం పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పేరు వినని ముసలివాళ్లు ఆ హాల్లో ఒక్కరూ ఉండరు. అలాంటి మనిషి చేతిలో తిండి కనపడాలి. మదర్ గారు కాసేపు ఆలోచించి, గులాబీ అస్సలు లేకపోతే ఎలిజబెతమ్మ అని ఎవరూ గుర్తుపట్టరు, రెండైనా పెట్టండి అన్నారు. సరే, రొట్టెల మధ్య రెండు గులాబీలు.

తర్వాత బంగారం ఎక్కడ పెట్టాలన్న గొడవ. దాత గారికి వెనకాలంతా బంగారం కావాలి, కిరీటం బంగారం కావాలి, అంచు బంగారం కావాలి. మదర్ గారికి బంగారం అంటేనే ఇబ్బంది. ఉన్నదంతా పంచేసిన మనిషి బొమ్మకి ఇంత బంగారమా, ఆ డబ్బుతో ఆరు నెలల బియ్యం వస్తాయి అని ఆమె బాధ. ఆయన లేనప్పుడు ఆమె, ఆమె లేనప్పుడు ఆయన నాకు ఫోన్ చేసేవాళ్లు. చివరికి నేనే ఒక గీత గీసి పట్టుకుపోయా: తల చుట్టూ వెలుగు చక్రం బంగారం, రొట్టెలు బంగారం, సన్నటి అంచు. కిరీటం మామూలు రంగు. ఆమె చర్చిలో సిలువ ముందు కిరీటం తీసి కింద పెట్టేసిందని కూడా ఒక కథ ఉంది, అది దాత గారికి చెప్పా. ఆయన ముఖం అంత బాగా లేదు కానీ ఒప్పుకున్నాడు. ముప్పై అయిదు వేలకి మాట, పదిహేను వేలు అడ్వాన్సు. ఫ్రేము కూడా అందులోనే అని ఆయన చివర్లో తగిలించాడు.

సెప్టెంబరంతా చెక్కతోనే సరిపోయింది. రెండున్నర అడుగులు, మూడున్నర అడుగుల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, పంతొమ్మిది మిల్లీమీటర్ల మందం, కోయించినందుకు కూడా కలిపి 1,900. దాని మీద పలచటి నూలు గుడ్డ అతికించాలి, గుడ్డ మీద సుద్దపొడి, జిగురు కలిపిన పూత వరసగా వేసుకుంటూ పోవాలి. బంగారు రేకు అంటించి తంజావూరు చిత్రాలు వేసేవాళ్లదీ దాదాపు ఇదే పద్ధతి. జిగురు అంటే ఫెవికాల్ కాదు. పాతకాలం వడ్రంగులు వాడిన వజ్రం బంక, జంతువుల తోలు ఎముకలు కాచి తీసేది. ఒక పాత హార్డ్‌వేర్ షాపులో అడుగున పడి ఉంటే దొరికింది. రాత్రి నానబెట్టి, పొద్దున గిన్నెని వేడినీళ్లలో పెట్టి కరిగించాలి, పొయ్యి మీద నేరుగా మరిగిస్తే పట్టు పోతుంది. ఆ వాసన గురించి నేను చెప్పను, మా ఆవిడని అడగండి. మూడో రోజుకి నన్నూ గిన్నెనీ కలిపి మేడ మీదకి పంపించేసింది.

మేడ మీద సెప్టెంబరు ఎండ. పూత గబగబా ఎండితే పగుళ్లిస్తుంది, అందుకని పైకప్పు రేకుల నీడలో పెట్టి, పక్కన తడి గోనె సంచి వేలాడదీసి, మెల్లగా ఆరనిచ్చా. ఒక్కో పూత ఆరాక ఎమ్రీ పేపరు, మళ్లీ పూత, మళ్లీ ఎమ్రీ. గోడలకి లప్పం పెట్టే అలవాటు ఉన్న చేయి కాబట్టి నాకు విసుగు రాలేదు కానీ, మామూలుగా బొమ్మలు గీసుకునేవాళ్లు చాలామంది ఇక్కడే వదిలేస్తారని నా అనుమానం. ఇది ఎందుకంత ముఖ్యమంటే, బంగారు రేకు మందం మైక్రాన్‌లో (అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులో) దాదాపు పదో వంతు. అది కింద ఉన్న ప్రతి గరుకునీ, ప్రతి బ్రష్ వెంట్రుకనీ ఉన్నదున్నట్టు బయటపెడుతుంది, కప్పిపెట్టడం దానికి తెలీదు.

వెలుగు చక్రంలో కిరణాలు ఉబ్బెత్తుగా రావాలని, అదే సుద్ద ముద్దని చిక్కగా కలిపి మెహందీ కోన్‌లో నింపి గీతలు పెట్టా. మా అమ్మాయి సాయం పట్టింది, ఆమె చేయి నాకంటే నిలకడ. తర్వాత బంగారం పడే చోటంతా రెడ్ ఆక్సైడ్ రంగు. పాశ్చాత్య దేశాల్లో ఎర్రమన్ను పూస్తారు, బంగారం కింద ఎరుపు ఉంటే రేకులో సన్న చీలిక వచ్చినా వెచ్చగా కనిపిస్తుందే తప్ప తెల్లగా ఎత్తి చూపదు.

ఇక రేకు సంగతి. ఆన్‌లైన్‌లో "ప్యూర్ గోల్డ్ లీఫ్" అని రాసి ఉన్నది సెప్టెంబరు మొదట్లోనే 1,800 పెట్టి తెప్పించా, వంద రేకులు. చవగ్గా ఉందే అనిపించింది. పని దగ్గరికొచ్చాక విప్పి చూస్తే ఒక్కో రేకు పెద్దగా, వేలితో పట్టుకున్నా చెక్కుచెదరకుండా ఉంది. అనుమానం వచ్చి ప్రొద్దుటూరు బస్సెక్కా. బంగారం మాట అంటే మా జిల్లాలో ఎవరైనా పోయేది ప్రొద్దుటూరే కదా. అక్కడ తెలిసిన ఆచారి ఉన్నాడు. ఆయన రేకుని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడమన్నాడు. నిజం బంగారం ఇంత పలచగా కొడితే దానిలోంచి వెలుతురు ఆకుపచ్చగా దిగుతుంది. నా రేకులోంచి ఏమీ దిగలేదు. ఒక చుక్క నైట్రిక్ యాసిడ్ వేశాడు, పొంగి ఆకుపచ్చగా మారింది. రాగి, జింకు. "ఇది ఇత్తడి అన్నా, అయిదేళ్లకి నల్లబడతాది" అన్నాడు. అమ్మినవాళ్లకి మెసేజ్ పెడితే రిటర్న్ గడువు అయిపోయిందని జవాబు. కాబట్టి రేకు చేతికొచ్చిన రోజే లైటుకి పెట్టి చూసుకోండి.

సరే నిజం రేకు ప్రొద్దుటూరులోనే కొందామంటే అక్కడ ఎవరూ అమ్మరు! వీధి వీధంతా బంగారమే, గొలుసులు, వడ్డాణాలు, బిస్కెట్లు, కానీ రేకు అడిగితే "స్వీట్ల మీద వేసేదా?" అంటారు. అది వెండి వరఖు. చివరికి తంజావూరు బొమ్మల సామాను అమ్మే చెన్నై షాపు నుంచి ఫోన్ మీద తెప్పించా. 23 క్యారెట్లు, ఒక పుస్తకంలో 25 రేకులు, ఒక్కోటి ఎనిమిది సెంటీమీటర్ల చదరం. పుస్తకం 6,400, రెండు తీసుకున్నా. పాతిక రేకులూ కలిపి అర గ్రాము కూడా తూగవు. ఆ లెక్క ఆచారికి చెబితే, గ్రాము ధర ఎంత పడిందో మనసులో గుణించుకుని నవ్వాడు. కొరియర్‌కి పది రోజులు పట్టింది, పుస్తకాన్ని అట్టల మధ్య పెట్టి పంపారు, బాగానే వచ్చింది. రేకుని అంటించే గోల్డ్ సైజ్ అనే జిగురు నూనె 1,150, ఉడుత వెంట్రుకల వెడల్పు బ్రష్ 700.

అప్పటికి అక్టోబరు సగం. వాయుగుండం. మా ఊళ్లో వానలు పడేదే ఆ రోజుల్లో, ఎప్పుడూ వాన కోసం మొక్కుకునేవాళ్లం, ఈసారి ఆగమని మొక్కుకున్నా. సైజ్ డబ్బా మీద మూడు గంటలకి సిద్ధం అని రాసి ఉంది. ముందు ఒక చెక్క ముక్క మీద పూసి చూశా, రాత్రి భోజనాలయ్యాక కూడా తడిగానే ఉంది. ముసురులో అది ఆరదు. వారం రోజులు పని లేదు, రోజూ పొద్దున లేచి ఆకాశం చూడటం, మదర్ గారు ఫోన్ చేస్తే "అవుతాంది మదర్ గారూ" అనడం. ఆ వారం పడిన టెన్షన్ మా పెద్దమ్మాయి పెళ్లికి కూడా పడలేదు.

ఎండ కాసిన రోజు పొద్దున్నే మొదలుపెట్టా. రేకు అంటకూడని చోటంతా మామూలు ముఖం పౌడర్ దూదితో అద్దా. చక్రం మీద సైజ్ పలచగా పూసి వదిలేశా. సిద్ధమైందా లేదా అని వేలి కణుపు వెనక భాగంతో తాకి చూడాలి. జిగట వేలికి అంటకూడదు, కానీ వేలు తీస్తుంటే చిన్నగా టిక్‌మని చప్పుడు రావాలి. ఆ చప్పుడు వచ్చేసరికి మధ్యాహ్నం. గది తలుపులు, కిటికీలు మూసేశా, ఫ్యాన్ ఆపేశా. తలకి గుడ్డ కట్టుకున్నా చెమట బొమ్మ మీద పడకుండా. మా ఆవిడ తలుపు తీసి టీ కావాలా అని అడిగింది, అంతే, ఒక రేకు లేచి అల్మరా వెనక్కి పోయింది. రెండొందల యాభై రూపాయలు.

వేలితో రేకుని ముట్టకూడదు. ముడితే అది వేలిముద్రల గాళ్లలోకి ఇంకిపోయి మాయమవుతుంది, రాలదు, తిరిగి రాదు. బ్రష్‌ని ఒకసారి మన చెంపకి రాసుకుంటే ఆ కాస్త జిడ్డుకే రేకు అంటుకుని లేస్తుంది. తోలు పరిచిన చెక్క మీద దాన్ని పరిచి, పదును లేని చాకుతో కోసి, బ్రష్‌తో ఎత్తి, సైజ్ మీదకి దగ్గరగా తీసుకుపోతే చాలు, చివరి అంగుళం అదే దూకుతుంది. ఊపిరి బిగబట్టి పని. ముక్కు దురద పెట్టినప్పుడు ఏం చేయాలో ఏ వీడియోలోనూ చెప్పరు. ఒకదాని అంచు మీద ఇంకో అంచు కాస్త ఎక్కాలి, కిరణాల గాళ్లలో చీలికలు వస్తే చిన్న ముక్కలతో పూడ్చాలి. మొదటిసారి చేసేవాళ్లయితే, సన్న కాగితానికి అంటించి అమ్మే రేకు ఉంటుంది, దాన్ని కాగితంతో పట్టుకుని అద్దవచ్చు, ఎగరదు. ధర కాస్త ఎక్కువ, నరాలకి మాత్రం చాలా చవక.

దీపాలు పెట్టేవేళకి చక్రం అయింది. మెత్తటి బ్రష్‌తో ఊడుస్తుంటే మిగులు రేకుల పొడి రాలింది, అదంతా ఒక చిన్న డబ్బీలో దాచా. చూసి చూసి నాకే నవ్వొచ్చింది, ఇన్నేళ్లు బంగారం అని జనానికి ఇత్తడి పొడి కొట్టానే అని. మా ఆవిడకి చూపిస్తే, తిట్టడానికి వచ్చిన మనిషి ఏమీ అనకుండా నిలబడింది, తర్వాత "మన ఇంట్లో ఇంత బంగారం ఎప్పుడన్నా చూసినామా" అంది. అర గ్రాము కూడా కాదని నేను చెప్పలేదు.

రొట్టెలకి, అంచుకి ఇంకో రెండు విడతలు పట్టింది. రొట్టెలు బంగారంగా వదిలేస్తే బంగారు ముద్దల్లా ఉన్నాయి, తినే వస్తువులా లేవు. వాటి మీద గోధుమరంగు ఆయిల్ కలర్‌ని బాగా పలచన చేసి నీడలు ఇచ్చా, పైన కాలిన చోట రంగు, వెలుతురు పడే చోట బంగారం. ఈ పనిలో నాకు ఎక్కువ నచ్చింది ఇదే, చక్రం కంటే. తర్వాత ముఖం, బట్టలు అక్రిలిక్‌తో వేశా, నవంబరు మొదటి వారానికి పూర్తి. ముఖం గురించి చెప్పడానికి పెద్దగా లేదు, మా చిన్నమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నా, కళ్లు మాత్రం ఆమెవి కావు. ఫ్రేము టేకుది, 2,800.

పండుగకి నాలుగు రోజుల ముందు ట్రాలీ ఆటోలో దుప్పట్లు చుట్టి తీసుకుపోయాం. దాత గారు కూడా వచ్చాడు. అనుకున్న గోడకి, వంటగది తలుపు పక్కన, తగిలించి లైట్లు వేశాం. చక్రం మట్టి రంగులో ఉంది! దగ్గరగా ఉన్న ఒక అవ్వ చూసి "అదేంది నాయనా, తలకాయ చుట్టూ నల్లగా ఉండాది?" అంది. దాత గారు నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది, ఇత్తడి పెట్టి మోసం చేశానని అనుకున్నట్టున్నాడు. బంగారు రేకు అద్దం లాంటిది. దాని ఎదురుగా ఏముంటే అది చూపిస్తుంది. వెలుతురు సరైన కోణంలో పడకపోతే, ఎదురుగా నీడ ఉంటే, అది కూడా చీకటిగానే కనపడుతుంది. నా గదిలో కిటికీ ఎదురుగా పెట్టి చేశాను కాబట్టి అక్కడ మెరిసింది. ఇక్కడ ట్యూబులైట్లు దాని వెనక గోడకే ఉన్నాయి, ఎదురుగా చీకటి వరండా.

మళ్లీ దింపి, బొమ్మని పట్టుకుని హాలంతా తిరిగాం, నేనూ ఆశ్రమం డ్రైవరూ ఇద్దరం చెరో పక్క పట్టుకుని, అవ్వలు "ఆడ కాదు, ఈడ" అని చెబుతుంటే. తూర్పు కిటికీకి ఎదురుగోడ దగ్గరికి పోయేసరికి ఒక్కసారిగా వెలిగింది. ఉబ్బెత్తు కిరణాలు పెట్టడం అప్పుడు అక్కరకొచ్చింది, మనిషి ఎటు నడిచినా ఏదో ఒక గీత మీద వెలుతురు పడుతుంది. వంటగది పొగకి, నూనె ఆవిరికి దూరం కూడా అయింది. అద్దం వేద్దామన్నాడు దాత గారు, వద్దన్నా, అద్దం వేస్తే ఎదురు కిటికీయే కనపడుతుంది, బొమ్మ కనపడదు. తడిగుడ్డతో తుడవద్దని, మెత్తటి పొడి బ్రష్ చాలని వంట చేసే అమ్మాయికి గట్టిగా చెప్పి, చేయి అందనంత ఎత్తులో బిగించాం. నిజం బంగారానికి వార్నిష్ అక్కర్లేదు, అది నల్లబడదు. ఇత్తడి రేకు వాడినవాళ్లు మాత్రం తప్పకుండా వేసుకోవాలి.

నవంబరు 17న హాల్లోనే దివ్యబలిపూజ. విచారణ గురువులు, అంటే చర్చి ఫాదర్ గారు, బొమ్మని ఆశీర్వదిస్తూ తీర్థం చల్లారు, బాగా ధారాళంగా చల్లారు, నేను వెనక వరసలో నిలబడి రొట్టెల మీద ఆయిల్ రంగు పూర్తిగా ఆరిందో లేదో అని పళ్లు బిగించుకున్నా. ఏమీ కాలేదు. భోజనాలప్పుడు ఒక తాత రొట్టెల్ని చూపించి అడిగాడు, "సంగటి ముద్దలేనా అబ్బీ అవి?" గుండ్రంగా వేశాను కదా. అవును తాతా అన్నా. మదర్ గారు విన్నారు, దిద్దలేదు.

డబ్బు సంగతి. సామానుకి దాదాపు ఇరవై వేలు, ఇత్తడి రేకు 1,800, ఆటోలు, బస్సులు, కొరియర్ కలిపి ఇంకో వెయ్యికి పైన. మిగతా ఇరవై వేలు డిసెంబరు రెండో వారంలో చెక్కుగా వచ్చింది. అంటే రెండున్నర నెలల పనికి చేతిలో మిగిలింది పన్నెండు వేల పైచిలుకు. కింద తన పేరు బంగారంతో రాయమని దాత గారు అడిగాడు, బొమ్మ ముందువైపు వద్దని మదర్ గారు అన్నారు, వెనక చెక్క మీద నల్ల ఎనామిల్‌తో రాశాను, అది ఉచితమే.

చెక్కు ఇచ్చిన రోజే ఆయన ఇంకో మాట అన్నాడు: తన ఇంటి హాలుకి ఇలాంటిదే ఒకటి కావాలి, కిరీటం మాత్రం పూర్తి బంగారంతో, వెనకంతా బంగారంతో. రేకులు ఎన్ని పడతాయో లెక్కగట్టి, ఈసారి నా కూలి విడిగా రాసి, ఫ్రేము విడిగా రాసి, కాగితం ఇచ్చా. ఇంకా ఫోన్ చేయలేదు.